కనబడకుండా ఐదో తరగతి దాటడం ఎలా?

ఐదో తరగతిలోకి అడుగుపెట్టిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ మీ సీనియర్ ఆశీస్సులు. నేనిప్పుడు ఆరో తరగతి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఆఖరి ఏడాదిని ఒంటికి చెమట పట్టకుండా, బుర్రకి గీత పడకుండా దాటేసినవాణ్ణి. ఈ విద్య నాతోనే పోకూడదని రాస్తున్నాను.

ముందు ప్రమాదం ఎక్కడుందో తెలుసుకోండి. నాలుగో తరగతి దాకా మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఐదులోకి రాగానే బడి మొత్తానికి మనమే పెద్దవాళ్లం. జెండా కర్రకి తాడు కట్టాలన్నా ఐదో తరగతే, అతిథికి దండ వెయ్యాలన్నా ఐదో తరగతే, మైకు ముందు నిలబడాలన్నా ఐదో తరగతే. పైగా ఆ ఏడాదే లోకంలో ఉన్న పెద్దలందరికీ మన బడి గుర్తొస్తుంది. మండల విద్యాధికారి ఎంఈఓ గారొస్తారు, టీకాలు వేసే ఏఎన్ఎం అక్కొస్తుంది, కంటి డాక్టరొస్తారు, కుమ్మరి తాతొస్తాడు, చివరికి ఫైరింజన్ కూడా వచ్చేస్తుంది. వచ్చినవాళ్లు ఊరికే వెళ్లరు. ఏదో ఒకటి నేర్పే వెళ్తారు.

ప్రాథమిక తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 గంటల చదువు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. అన్ని గంటలు తప్పించుకోవడమంటే మాటలా? పద్ధతి ఉండాలి. ఆ పద్ధతికి ఒక్కటే సూత్రం: కనబడకండి. ఇన్ని సంగతులు నీకెలా తెలుసంటారా? అతిథులు మాట్లాడుతున్నప్పుడు నేను బీరువా వెనక ఉన్నా, నా చెవులు బీరువాకి ఇవతలే ఉండేవి. ఇక వినండర్రా.

1. బల్ల చూసుకుని కూర్చోండి

జూన్ 12న బడి తెరవగానే అందరూ కొత్త బ్యాగులు చూసుకుంటూ ఉంటారు. మీరు బల్లలు చూసుకోండి. తనిఖీకి వచ్చినవాళ్లు మొదటి ప్రశ్న మొదటి బల్లని అడుగుతారు, బడికి మంచి పేరు రావాలని. రెండో ప్రశ్న ఆఖరి బల్లని అడుగుతారు, దొంగ దొరకాలని. మధ్యలో బీరువా పక్కన ఉన్న బల్ల వైపు ఏ అధికారి కన్నూ పడదు. అది మీది.

ఒక ఎంఈఓ గారు వచ్చి వెళ్లిపోయారు కదా అని కాళ్లు బారజాపకండి. ఇప్పుడు మండలానికి ఇద్దరు: ఎంఈఓ-1, ఎంఈఓ-2. ఒకాయన జీపు దుమ్ము అణగకముందే రెండో ఆయన మోటారు సైకిల్ రావచ్చు.

ప్రశ్న మీ బల్ల వైపు తిరిగితే తల దించకండి. తల దించినవాణ్ణే లేపుతారు. పైకప్పు వైపు చూస్తూ పెదాలు కదపండి, వేళ్లు ముడవండి, లెక్క కడుతున్నట్టు ఉండాలి. అప్పటికీ ప్రమాదం తప్పేలా లేకపోతే పెన్సిల్ కింద పడెయ్యండి. బల్ల కింద పది సెకన్లు దొరుకుతాయి. చాలకపోతే రబ్బరు కూడా పడెయ్యండి.

నన్ను ఒక్కసారి లేపారు. పదమూడో ఎక్కం అడిగారు. నేను చేతులు కట్టుకుని, "మా క్లాసు లీడరు నాకన్నా బాగా చెబుతుందండి" అన్నాను. లీడరంటే రెండో బల్ల అమ్మాయి. ఆవిడ గడగడా చెప్పేసింది. నాకేమో "మంచి వినయం ఉన్న పిల్లాడు" అని భుజం తట్టారు. పదమూడో ఎక్కం నాకు ఇప్పటికీ రాదు. దాని వల్ల ఎంత ప్రశాంతతో! కిరాణా కొట్టులో ఎంత చిల్లర ఇస్తే అదే సరైన చిల్లర. గొడవే లేదు.

2. మాత్రకీ సూదికీ దొరక్కండి

ఆగస్టు 10, ఫిబ్రవరి 10. ఈ రెండు తేదీలూ అరచేతిలో రాసుకోండి. నులిపురుగుల నిర్మూలన దినాలు. ఆల్బెండజోల్ మాత్ర ఇచ్చి, ఎదురుగా నిలబెట్టి నమిలిస్తారు. నిజానికి తియ్యగానే ఉంటుంది. అయినా ప్రభుత్వం ఊరికే ఇచ్చే తీపిని నమ్మేదెలా? నాలుక కింద పెట్టుకుని, నీళ్ల కుళాయి దాకా మూతి బిగించి నడిచి, కాలవలో ఊసెయ్యండి.

ఆ రోజు బడికి డుమ్మా కొడితే సరిపోతుంది కదా అని కొందరు కుర్రాళ్లు అంటారు. చాలదు. రానివాళ్ల కోసం తర్వాత ఇంకో రోజు కూడా పెడతారు. అందుకే బడికి వచ్చి, వరసలో నిలబడి, పేరు పక్కన టిక్కు పడేలా చూసుకుని మరీ ఊసెయ్యాలి. పద్ధతి అంటే అదీ.

ఫలితం చూడండి. డొక్కా సీతమ్మ గారి పేరు మీద నడిచే బడి భోజనంలో గుడ్డు తిన్నాను, చిక్కీ తిన్నాను, రాగిజావ రెండు గ్లాసులు తాగాను. ఒక్క కిలో పెరగలేదు. ఎంత తిన్నా లావెక్కని శరీరం! నాతోపాటు లోపల ఇంకెవరో కూడా భోంచేస్తున్నారు. గోదావరి లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవాళ్లకి కూడా ఆ సీతమ్మ గారు అన్నం పెట్టేవారట. నేనూ నా పొట్టలోకి వచ్చినవాళ్లకి అలాగే పెడుతున్నాను.

ఇక సూది. పదేళ్లు నిండినవాళ్లకి టీడీ అని ఒకటి వేస్తారు. ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా. ఏఎన్ఎం అక్క రిజిస్టరు తెరవగానే "నాకింకా తొమ్మిదేనక్కా" అనండి. ఆధార్ చూస్తానంటే "అందులో తప్పు పడిందక్కా" అనండి. ఆధార్‌లో తప్పు పడిందంటే మన దేశంలో ఎవరైనా నమ్ముతారు. ఆ సంక్రాంతికే చెరువు గట్టు మీద క్రికెట్ ఆడుతుంటే తుప్పు మేకు కాల్లో దిగింది. మా నాన్న ఆదరాబాదరాగా ఆస్పత్రికి మోసుకెళ్లాడు. సూది అక్కడా వేశారు. కానీ దారంతా నాన్న భుజం మీద ఊరేగింపు! బడిలో వేయించుకుని ఉంటే ఆ వైభోగం దక్కేదా?

3. అన్నిటికీ ఒకే ఉపన్యాసం దాచుకోండి

ఐదో తరగతిలో ప్రతి నెలా ఒక మహానుభావుడి జయంతి వస్తుంది. ప్రతి జయంతికీ ఒక ముఖ్య అతిథి వస్తారు. ఆయన ముందు మాట్లాడేది మనమే. ప్రతిసారీ కొత్తగా నేర్చుకుంటూ కూర్చుంటే ఆటలెప్పుడు? ఇదిగో, నా ఉపన్యాసం మీకు ఉచితంగా ఇస్తున్నాను. పేరు ఒక్కటి మార్చుకోండి.

"సభకు నమస్కారం. ఫలానా వారు ఒక మంచి కుటుంబంలో జన్మించారు. చిన్నప్పటి నుంచే చదువులో చురుకు. దేశం కోసం జైలుకు వెళ్లారు. మనమందరం వారి అడుగుజాడల్లో నడవాలి. జైహింద్."

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి గిడుగు రామమూర్తి గారిని దీనితోనే జైలుకి పంపాను. ముఖ్య అతిథి, రిటైరైన తెలుగు మాస్టారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత లేచి, గిడుగు వారు 1863లో పుట్టారనీ, పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లల కోసం పుస్తకాలు రాశారనీ, జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని పట్టుబట్టారనీ చెప్పారు. అంటే నా ఈ సలహాలు మీకు తేలిగ్గా అర్థమయ్యే భాషలో ఉన్నాయంటే అది ఆయన చలవే. పాపం, ఇందుకని తెలిస్తే ఆయన ఏమనేవారో!

డిసెంబరు 22 గణిత దినోత్సవానికి శ్రీనివాస రామానుజన్ గారిని కూడా జైలుకి పంపాను. హైస్కూలు నుంచి వచ్చిన లెక్కల మాస్టారు 1729 గురించి చెప్పారు. ఒకటి ఘనం, పన్నెండు ఘనం కలిపినా అంతేనట, తొమ్మిది ఘనం, పది ఘనం కలిపినా అంతేనట. లీడరు నోటుబుక్కులో వేసి చూసి, నిజమేనని ఎగిరి గంతేసింది. నేను వేసి చూడలేదు. మాస్టారు అబద్ధం ఎందుకు చెబుతారు?

4. స్వపరిపాలన రోజున పెద్ద కుర్చీ అడగండి

సెప్టెంబరు 5న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు. ఆ రోజు మనమే టీచర్లం. తెలివి తక్కువవాళ్లు టీచరు వేషం అడుగుతారు. చీర కట్టుకోవాలి, పాఠం తయారు చేసుకోవాలి, ఒకటో తరగతి పిల్లల ముక్కులు తుడవాలి. కాస్త తెలివి ఉన్నవాళ్లు హెడ్మాస్టరు వేషం అడుగుతారు. దానికీ అటెండెన్సు లెక్కలు చూడాల్సి ఉంటుంది. పూర్తి తెలివి ఉన్నవాడు ఎంఈఓ వేషం అడుగుతాడు.

ఎంఈఓ పదకొండింటికి రావచ్చు. కుర్చీ వేస్తారు, మజ్జిగ ఇస్తారు. విజిటర్స్ బుక్కులో "సంతృప్తికరం" అని రాసి సంతకం పెడితే అయిపోయింది. ఆ ఒక్క మాటా ముందురోజే అరచేతిలో రాసుకోండి. సున్నా ఎక్కడ పెట్టాలో తికమకగా ఉంటుంది.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. రెండో తరగతి గదిలోకి నడిచి వెళ్తే ఒక బుడ్డోడు తెలుగు వాచకం నా చేతిలో పెట్టి, "సార్, ఈ పాఠం మీరు చదవండి" అన్నాడు. ఒత్తులు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. నేను నవ్వి, "మేము వినడానికే వచ్చాం నాన్నా, నువ్వే చదువు" అన్నాను. వాడు చదివేశాడు. వాడు రెండో తరగతి. నేను విజిటర్స్ బుక్కులో "సంతృప్తికరం" అని రాశాను. సున్నా మర్చిపోయాను.

5. కంటి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకోండి

దసరా సెలవుల ముందు కంటి డాక్టరు గారు వచ్చారు. గోడకి అక్షరాల అట్ట తగిలించి, ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి చదవమంటారు. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమంత. చదవలేకపోతే కళ్లజోడు. కళ్లజోడు వస్తే "సోడాబుడ్డి" అనే పేరూ వస్తుంది. కాబట్టి ఎలాగైనా చదివెయ్యాలి.

వరసలో ఎప్పుడూ ఆఖర్న నిలబడండి. ముందున్న ముప్పై మంది చదువుతుంటే వింటూ కంఠతా పట్టండి. ఏడాది మొత్తంలో నేను కష్టపడి నేర్చుకున్నది ఆ అట్ట ఒక్కటే. ఎడమ కన్ను మూసినప్పుడు ఒక వరస, కుడి కన్ను మూసినప్పుడు ఇంకో వరస అడుగుతారు. రెండూ పట్టుకోండి. కన్ను మూసుకునే చెయ్యి వేళ్ల మధ్య సందు వదలండి. నా వంతు వచ్చేసరికి ఆఖరి వరస కూడా తడుముకోకుండా చెప్పేశాను. డాక్టరు గారు "గద్ద చూపు" అని మెచ్చుకున్నారు.

లీడరు చదవలేక దొరికిపోయింది. నెల తిరక్కుండా ఉచితంగా కళ్లజోడు వచ్చింది. రెండు రోజులు "సోడాబుడ్డి" అన్నాం. మూడో రోజు నుంచి ఆవిడ కిటికీలోంచి వేపచెట్టు మీద పిట్టగూడు లెక్కపెడుతోంది. నాకు వేపచెట్టే మబ్బులా ఉంటుంది. ఇప్పుడు హైస్కూల్లో బోర్డు మీద ఏం రాస్తారో నాకు బొత్తిగా కనబడదు. కనబడనిది రాసుకోమని ఎవరు మాత్రం అడగగలరు? ఒక్క అబద్ధంతో పదో తరగతి దాకా నోట్సు రాసే బాధ పోయింది.

6. మట్టి ముట్టుకోకండి

దీపావళి ముందు కుమ్మరి తాత సారె తీసుకొచ్చాడు. వేపచెట్టు కింద పెట్టి తిప్పుతూ, మట్టిముద్ద మీద బొటనవేలు ఆనించాడు. ముద్ద మధ్యలో గుంట పడి, అంచులు లేచి, కన్ను మూసి తెరిచేలోపు ముంత అయింది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, చెయ్యి పట్టుకుని, తలా ఒక ప్రమిద చేయించాడు.

ఇలాంటప్పుడు చేతికి గుడ్డ కట్టుకుని వెళ్లాలి. నేను పొద్దున్నే మా అమ్మ పాత చీర పేలిక కట్టుకున్నాను. "వేలు తెగింది తాతా" అన్నాను. తాత ఆ గుడ్డ వంక చూసి, "కుడి చెయ్యి తెగితే ఎడమ చెయ్యి ఉందిగా" అన్నాడు. అందుకని ముందు జాగ్రత్తగా రెండు చేతులకీ కట్టుకోండి. నా అనుభవం మీకు పాఠం కావాలి.

ప్రమిదలు కాల్చి దీపావళికి ముందురోజు పంచారు. అడుగున ఎవరి పేరు వాళ్లు పుల్లతో గీసుకున్నారు. మా వీధిలో పదకొండు ఇళ్ల అరుగుల మీద ఆ వంకర ప్రమిదలే వెలిగాయి. మా ఇంట్లో బజారులో కొన్నవి వెలిగాయి. మావి గుండ్రంగా ఉన్నాయి. అడుగున పేర్లు లేవు.

7. ఉత్తరం రాయమంటే ఖాళీ కార్డు వెయ్యండి

నవంబరులో పోస్టాఫీసుకి నడిపించుకెళ్లారు. నడిచేటప్పుడు వరస చివర్లో ఉండండి. చివర్లో ఉన్నవాళ్లు రేగుపళ్ల చెట్టు దగ్గర ఆగొచ్చు. పోస్టుమాస్టరు గారు పిన్ కోడు గురించి చెప్పారు. 1972 ఆగస్టు 15న మొదలైందట, ఆరు అంకెలట, మొదటిది 5 అయితే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపట. తర్వాత తలా ఒక అర్ధరూపాయి కార్డు ఇచ్చి, మీ ఇంటికి మీరే ఉత్తరం రాసుకోండి అన్నారు.

ఇంత అర్థం లేని పని ఉంటుందా? నేను ఇంటికే వెళ్తున్నాను కదా, అక్కడే చెప్పుకుంటాను. అందుకని ఏమీ రాయకుండా డబ్బాలో వేసేశాను. మూడో రోజు పోస్టుమాన్ సైకిల్ మీద వచ్చి ఇంటింటికీ పిల్లల పేర్లు పెట్టి పిలిచాడు. "శ్రీమతి లీడరు గారూ" అంటే ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చి తన ఉత్తరం తనే విప్పి చదువుకుంది, ఏదో తెలియని సంగతి రాసి ఉన్నట్టు. మా గుమ్మం ముందు సైకిల్ ఆగలేదు. ఉత్తరం చదివే శ్రమ కూడా తప్పింది.

8. నాన్నని తప్పు టైముకి పంపండి

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ప్రభుత్వ బడుల్లో ఒకేసారి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. ముఖ్యమంత్రి గారు బాపట్లలో ఒక బడికి వెళ్లారు. మా బడికి అమ్మానాన్నలందరూ వచ్చారు. ఇలాంటి రోజున ప్రోగ్రెస్ కార్డుకీ నాన్నకీ మధ్య దూరం ఉంచడమే మన బాధ్యత.

మా టీచరమ్మ ఆహ్వానాలు మా చేతే రాయించారు. నేను "ఉదయం 9" బదులు "సాయంత్రం 4" అని రాశాను. పొద్దున అందరి అమ్మలూ ముగ్గులు వేశారు, నాన్నలు తాడు లాగారు, కలిసి భోజనాలు చేశారు. మా నాన్న పొలంలో ఉన్నాడు. నాలుగింటికి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని బడికి వచ్చాడు. అప్పటికి టీచరమ్మ ఒక్కరే ఉన్నారు.

పొద్దున్న వచ్చిన నాన్నలకి తలా ఐదు నిమిషాలు దొరికింది. మా నాన్నకి గంటంపావు దొరికింది. నా ఒక్కడి గురించి ఇద్దరు పెద్దవాళ్లు అంతసేపు మాట్లాడుకున్నారంటే నేనెంత ముఖ్యమైనవాణ్ణో చూడండి. ఆ రాత్రి నాన్న నన్ను కొట్టలేదు. ఆహ్వానం కాగితం తీసి, ఆ నాలుగు అంకె మీద వేలు పెట్టి, చాలాసేపు చూశాడు. తిట్లు కూడా మిగిలాయి.

9. సాకులు పొదుపుగా వాడండి

సాకు కూడా డబ్బు లాంటిదే. ఒకేసారి ఖర్చు పెట్టకూడదు. నా పట్టిక ఇది, రాసుకోండి.

కడుపునొప్పి: నెలకి ఒకటి. గుడ్డు పెట్టే రోజైతే మధ్యాహ్నం పన్నెండున్నరకి తప్పకుండా తగ్గిపోవాలి.

నోటుబుక్కు ఇంట్లో మర్చిపోయాను: వారానికి ఒకటి. "వెళ్లి తెచ్చుకో" అంటే తాళం వేసి ఉందని చెప్పండి. తాళంచెవి పొలంలో ఉంది. పొలం గట్టు అవతల ఉంది. గట్టు మీద బురద ఉంది. నాలుగో మెట్టు దగ్గర ఏ మాస్టారైనా అలిసిపోతారు.

నీళ్లు తాగొస్తా: రోజుకి రెండు. పక్క తరగతి వాళ్లు కుళాయి దగ్గర ఉన్నప్పుడు వెళ్తే వరస పొడుగ్గా ఉంటుంది.

మేకపిల్ల తప్పిపోయింది: ఏడాదికి ఒక్కసారే. మీకు మేకలు లేకపోతే వాడకండి. నేను వాడాను. మాస్టారు క్లాసు మొత్తాన్ని వెతకడానికి పంపారు. సాయంత్రానికి ఎవరిదో మేకపిల్లని తెచ్చి నాకు అప్పగించారు. దాన్ని తిరిగి ఇచ్చి రావడానికి పక్క ఊరు నడిచాను. ఏడాది మొత్తంలో నేను అంత దూరం నడిచింది ఆ ఒక్కరోజే.

10. నవోదయ గండం గట్టెక్కండి

ఐదో తరగతిలో ఉన్న అతి పెద్ద ప్రమాదం ఇదే. జవహర్ నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి సీటుకి పరీక్ష. పాసైతే పన్నెండో తరగతి దాకా హాస్టలు, తిండి, పుస్తకాలు అన్నీ వాళ్లే పెట్టి చదివించేస్తారు. సాధారణంగా ఒక్కో నవోదయలో 80 సీట్లు. కనీసం నూటికి డెబ్బై అయిదు పల్లెటూరి పిల్లలకే. అంటే మనకి సీటు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ.

దరఖాస్తు తప్పించుకోలేం. మా మాస్టారు నెట్ సెంటరుకి వెళ్లి అందరివీ తనే నింపేశారు. సాయంత్రాలు బడి అయ్యాక ఉండి బొమ్మల ప్రశ్నలు చేయించారు, దానికి ఎవరూ జీతం ఇవ్వకపోయినా. నేను ఆ సాయంత్రాలన్నీ "గేదెలు తోలుకురావాలి" అన్నాను.

పరీక్షలో 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. ప్రతి ప్రశ్నకీ నాలుగు జవాబులు ఇచ్చే ఉంటాయి. గుండ్రాలు నింపడమే పని. మొదటి నుంచి చివరి దాకా "బి" నింపండి. నాకు పది నిమిషాలు పట్టింది. మిగిలిన గంటా యాభై నిమిషాలు కిటికీ ఊచలు లెక్కపెట్టాను. తొమ్మిది.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. ఈ పరీక్ష రెండోసారి రాయనివ్వరు. ఒక్కసారి శుభ్రంగా పాడుచేస్తే జీవితాంతం నిశ్చింత.

లీడరుకి సీటొచ్చింది. పాపం, ఇప్పుడు అక్కడ లైబ్రరీ, కంప్యూటర్లు, ఆటస్థలం అన్నీ ఉన్న చోట చిక్కుకుపోయింది. నాకేమో రోజూ రానూపోనూ ఎనిమిది కిలోమీటర్లు ఎదురుగాలిలో సైకిల్ తొక్కే స్వేచ్ఛ ఉంది.

11. ఫైరింజన్ వచ్చిన రోజు బ్యాగులకి కాపలా కాయండి

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలు ఆర్పబోయిన అగ్నిమాపక సిబ్బంది ఎందరో చనిపోయారు. వాళ్ల గుర్తుగా ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుపుతారు. 14న అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి మా బడికి ఆ తర్వాత వచ్చారు. ఎర్ర బండి, గంట, సైరను. ఊరు ఊరంతా గేటు దగ్గరికి వచ్చింది.

అప్పుడు చెయ్యి ఎత్తి, "నేను బ్యాగులకి కాపలా ఉంటాను సార్" అనండి. త్యాగం కింద లెక్క. గదిలో ఒక్కరే ఉంటారు, ముప్పై ఒక్క బ్యాగులుంటాయి. బ్యాగుల్లో చిక్కీలుంటాయి. ఆ రోజు నోరు అంత పనిలో ఉండటం వల్ల నా చెవులు కూడా పనిచెయ్యలేదు. బయట పిల్లలు ఒక్కొక్కరూ గొట్టం పట్టుకుని నీళ్లు కొట్టారట. ఇద్దరేసి పట్టుకున్నా గొట్టం పాములా ఎగిరిందట. నీళ్లలో ఇంద్రధనుస్సు కనబడిందట. చివర్లో నూనె మంట మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో, తడి గోనెసంచి కప్పితే ఏమవుతుందో చూపించారట.

ఆ సంగతి నాకు వేసవి సెలవుల్లో తెలిసింది. మా అమ్మ అప్పడాలు వేయిస్తూ వీధిలోకి వెళ్లినప్పుడు మూకుట్లో నూనె అంటుకుంది. నేను చెంబుతో నీళ్లు పోశాను. మంట కప్పుకి తగిలింది. పక్కింటి రెండో తరగతి బుడ్డోడు పరుగున వచ్చి, పొయ్యి ఆపించి, తడి గోనెసంచి వేయించాడు. మా వంటగది గోడ ఇప్పుడు పూర్తిగా నల్లగా ఉంది. మసి పట్టినా తెలియదు.

12. గ్రూప్ ఫొటో రోజు నీళ్ల ట్యాంకు వెనక ఉండండి

ఇది ఆఖరి చిట్కా, అన్నిటికన్నా పెద్దది. బడి మూసే ముందు వీడ్కోలు సభ పెట్టి, గ్రూప్ ఫొటో తీయిస్తారు. ఫొటో అంటే అందరూ నవ్వుల గురించే ఆలోచిస్తారు. మీరు బల్లల గురించి ఆలోచించండి. వెనక వరస నిలబడటానికి నాలుగు బల్లలు బయటికి మొయ్యాలి. ఫొటో అయ్యాక మళ్లీ లోపలికి మొయ్యాలి. ఎవరు మోస్తారు? ఐదో తరగతి మగపిల్లలు.

సర్పంచి గారి బండి శబ్దం వినగానే నేను ట్యాంకు వెనక్కి వెళ్లిపోయాను. మాస్టారు నా పేరు పెట్టి మూడుసార్లు పిలిచారు. లీడరు కూడా రెండుసార్లు పిలిచింది. నేను పలకలేదు. ఫొటోగ్రాఫరు ఒకటి, రెండు, మూడు అన్నాడు. క్లిక్కుమంది. తర్వాత బల్లలు లోపలికి వెళ్లే చప్పుడు వినబడింది. అంతా సర్దుకున్నాక దుమ్ము దులుపుకుని వచ్చి మిక్చరు పొట్లం తీసుకున్నాను.

మొన్న జూన్‌లో హైస్కూల్లో చేరడానికి రికార్డు షీటు కావాలంటే పాత బడికి వెళ్లాను. మా మాస్టారికి బదిలీ అయింది. కొత్తాయన ఉన్నారు. "ఈ బడేనా నువ్వు?" అన్నారు. అవునన్నాను. ఆయన గోడ మీద ఫొటో వైపు చూశారు, నా వైపు చూశారు, మళ్లీ ఫొటో చూశారు. అందులో అందరూ ఉన్నారు. కళ్లజోడుతో లీడరు మధ్యలో ఉంది. వెనక వరసలో పొడుగువాళ్ల పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

ఆయన రిజిస్టరు తెరిచి, చొక్కా చెయ్యి పైకి లాక్కోమన్నారు. ఎడమ మోచేతి మీద ఒక పుట్టుమచ్చ, మెడ మీద కుడివైపు ఒకటి. రెండూ సరిపోయాయి. "సరే, నువ్వే" అని సంతకం పెట్టి ఇచ్చారు.

ఐదేళ్లు చదివిన బడిలో నన్ను గుర్తుపట్టినవి రెండు పుట్టుమచ్చలే. నా పద్ధతి ఎంత బాగా పనిచేసిందో మీరే చూడండి.